తీసిన కొవ్వు ఎటుపోయింది, ఈ వాపు ఎక్కడిది?

కొవ్వు తీయించుకోవడానికి హైదరాబాద్‌ వెళ్లి, ఒక రాత్రి ఉండి, మర్నాడే కారులో ఇంటికి వచ్చేస్తున్నవాళ్లు మన జిల్లాల్లోనూ ఉన్నారు. సర్జన్‌ కళ్లెదుట ఉండేది ఒక్క రోజు, వాపు ఉండేది మూడు నెలలు. ఈసారి వచ్చిన ఉత్తరాలు అన్నీ ఆ మూడు నెలల గురించే. ప్లాస్టిక్‌ సర్జరీ, ఫిజియోథెరపీ నిపుణులు కలిసి జవాబులిస్తున్నారు.

ప్రశ్న: పొట్టకు, నడుముకు లైపోసక్షన్‌ చేయించుకొని ఎనిమిది రోజులైంది. ఆపరేషన్‌కు ముందు 74 కిలోలున్న. మూడో రోజు తూకం చూస్తే 76, ఇప్పుడు 75. పొట్ట గట్టిగా డోలు లెక్క ఉంది. ‘పైసలు పోసి పొట్ట పెంచుకొనొచ్చినవు’ అని మా అత్తమ్మ రోజూ అంటున్నది. నిజంగా కొవ్వు తీసిన్రా?
– ఒక గృహిణి, మిర్యాలగూడ

జవాబు: తీశారు. మీ అత్తమ్మగారు చూసిందీ అబద్ధం కాదు. కొవ్వు పోయిన చోట ఇప్పుడు నీరుంది.

కొవ్వు పీల్చే ముందు చర్మం కింద సెలైన్‌ నింపుతారు. లీటరు సెలైన్‌లో నొప్పి తెలియకుండా లిగ్నోకైన్‌, రక్తనాళాలు ముడుచుకోవడానికి ఒక మిల్లీగ్రాము వరకు అడ్రినలిన్‌ కలుపుతారు. 1980లలో అమెరికా చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్‌ తెచ్చిన పద్ధతి ఇది. అంతకుముందు కొవ్వుతో పాటు రక్తం కూడా బాగా పోయేది. ఎంత కొవ్వు తీస్తారో దాదాపు అంత, ఒక్కోసారి అంతకు మించి ఈ నీళ్లు ఎక్కిస్తారు. అక్కడికక్కడ బయటికి వచ్చేది అందులో కొంతే. మిగిలిన దాంట్లో కొంత మొదటి రెండు రోజులు గాట్ల గుండా ఎర్రనీళ్లలా కారుతుంది, తక్కినది రక్తంలోకి ఇంకి మూత్రంగా పోతుంది. మూడో రోజు మీ తూకంలో పెరిగిన రెండు కిలోలు చాలావరకు ఇవే.

వాపులో రెండో వాటా మొండిది. మూడు నాలుగు మిల్లీమీటర్ల లావు గొట్టం మీ చర్మం కింద వందలసార్లు ముందుకూ వెనక్కూ తిరిగింది. పైకి కనిపించేవి నాలుగైదు చిన్న గాట్లే కానీ లోపల పొట్టంతా ఒకటే గాయం. గాయమైన చోట నీరు చేరుతుంది. ఆ నీటిని వెనక్కి లాక్కెళ్లే సన్నని లింఫు నాళాలు కూడా అదే గొట్టం దెబ్బకు నలిగి, తెగి ఉంటాయి. అవి మళ్లీ దారులు వేసుకునే దాకా నీరు నెమ్మదిగానే కదులుతుంది.

సాధారణంగా మూడు నుంచి ఐదో రోజు మధ్య వాపు అన్నిటికన్నా ఎక్కువ. రెండు వారాలకు కమిలిన నలుపు, పసుపు పోతాయి. మూడు నాలుగు వారాలకు పాత బట్టలు నడుము దగ్గర వదులవుతాయి. ఆరు వారాలకు చాలా వాపు తీసి, మూడో నెలకు అసలు ఆకారం కనిపిస్తుంది. చివరి కాస్త వాపు, గట్టిదనం ఆరు నెలల దాకా ఉండొచ్చు. పొద్దున తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఉండడం కూడా మామూలే.

తూకం మిషన్‌ పక్కన పెట్టండి, టైలర్‌ టేపు తీయండి. పొద్దున్నే బాత్రూముకు వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు నిలబడి, ఊపిరి మామూలుగా వదిలి బొడ్డు దగ్గర ఒకసారి, నాలుగు వేళ్ల పైన ఒకసారి, నాలుగు వేళ్ల కింద ఒకసారి కొలవండి. వారానికి రెండుసార్లు చాలు. రోజూ కొలిస్తే మతి పోతుంది తప్ప లాభం లేదు. చూడాల్సినవి రెండే: కొలత ఏ వైపు పోతోంది, వాపు రెండు పక్కలా ఒకే తీరుగా ఉందా? ఎనిమిదో రోజు వాపు ఉండడం సమస్య కాదు. తగ్గుతూ వచ్చిన వాపు మళ్లీ పెరిగినా, ఒక పక్కే పెరిగినా అది సమస్య. ఈ పేజీలోని సగం జవాబులు ఈ రెండు ప్రశ్నలకే తిరిగి వస్తాయి.

ప్రశ్న: పది రోజుల కింద ఆపరేషన్‌. ఈ ఎండలకు బెల్టు వేసుకుంటే ప్రాణం పోతున్నట్టుంది. నడుము చుట్టూ చెమటకాయలు. స్కూల్లో రోజంతా నిలబడి పాఠం చెప్పాలి. రాత్రి తీసి పడుకుంటే నష్టమా?
– ఒక టీచర్‌, సూర్యాపేట

జవాబు: ఇప్పుడే తీయకండి. చర్మానికి, కండరానికి మధ్య ఖాళీ ఏర్పడింది. ఆ రెంటినీ అదిమి అతుక్కునేలా చేసేదీ, ఖాళీలో నీరు చేరకుండా చూసేదీ ఆ ప్రెషర్‌ గార్మెంటే. చాలామంది సర్జన్లు మొదటి మూడు వారాలు స్నానానికి, ఉతకడానికి తప్ప తీయవద్దంటారు, తర్వాత మూడు వారాలు రోజుకు 12 గంటలు చాలంటారు. మీ సర్జన్‌ వేరే లెక్క చెప్పి ఉంటే అదే పాటించండి.

బిగువు ఎంతుండాలన్న దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. రెండు వేళ్లు ఆనించి దూర్చితే కొంచెం కష్టంగా దూరాలి. ఊపిరి నిండా పీల్చలేకపోతున్నా, కాళ్లు తిమ్మిరెక్కి చల్లబడుతున్నా అది బిగువు కాదు, ఉరి. ‘గట్టిగా బిగిస్తే త్వరగా తగ్గుతుంది’ అనుకోవడం పొరపాటు. మరీ బిగిస్తే చర్మానికి రక్తం అందదు, తొడల నుంచి రక్తం పైకి రావడం కష్టమై గడ్డ కట్టే ముప్పు పెరుగుతుంది.

బిగువు కన్నా ముడత ఇంకా చెడ్డది. కూర్చున్నప్పుడు గుడ్డ మడత పడి ఒకే గీత మీద గంటల తరబడి ఒత్తితే, మెత్తగా ఉన్న పొట్ట మీద అక్కడ గాడి పడుతుంది. వాపు పోయినా ఆ గాడి మిగిలిపోవచ్చు. అద్దం ముందు నిలబడి గంటకోసారి కిందికి లాగి సర్దుకోండి. మన ఆడవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఇంకోటి ఉంది. చీర కింద లంగా బొందు గట్టిగా బిగిస్తే సరిగ్గా ఇలాంటి గాడే పడుతుంది. ఆరు వారాలు వెడల్పు ఎలాస్టిక్‌ ఉన్న లంగా వేసుకోండి, లేదా వదులు చుడీదార్‌ మేలు.

చెమటకాయలకు ఉపాయం: గార్మెంట్లు రెండు కొనండి. ఒకటి ఒంటి మీద, ఒకటి ఆరేసిన తీగ మీద. లోపల కుట్లు లేని పల్చని నూలు బనియన్‌ వేసుకోండి, ముడత లేకుండా. చల్లటి నీళ్లలో తేలిక సబ్బుతో ఉతికి, పిండకుండా నీడలో ఆరేయండి. ఎండలో ఆరేస్తే సాగుడు పోతుంది. గజ్జల్లో, బొడ్డులో తడి లేకుండా తుడవండి. గాట్లు మానకముందు పౌడరు చల్లొద్దు. దురదతో గుండ్రటి ఎర్ర మచ్చలు వస్తే అవి చెమటకాయలు కావు, తామర. దానికి మందు వేరు, మెడికల్‌ షాపులో ఇచ్చే స్టెరాయిడ్‌ కలిసిన ట్యూబు రాస్తే పెరుగుతుంది.

గార్మెంటు మొదటిసారి తీసేటప్పుడు నిలబడి తీయవద్దు. ఒత్తిడి ఒక్కసారిగా పోయేసరికి రక్తం కిందికి దిగి కళ్లు తిరిగి పడిపోతారు. మంచం మీద కూర్చుని, జిప్పు సగం తీసి, ఐదు నిమిషాలు ఆగి తక్కినది తీయండి. పక్కన ఒకరుండాలి, బాత్రూము గడియ పెట్టొద్దు. వాపు తగ్గేకొద్దీ అదే గార్మెంటు వదులవుతుంది. మూడో వారంలో ఒక సైజు తక్కువది అవసరం పడొచ్చు. ఇక స్కూలు సంగతి: కుర్చీలో కూర్చుని చెప్పడానికి ఇప్పుడు వెళ్లవచ్చు. రోజంతా నిలబడి చెప్పడం ఇంకో వారం ఆగాక.

ప్రశ్న: అడగడానికి సిగ్గుగా ఉంది. పొట్టకు చేస్తే నాలుగో రోజు కింద వృషణాలు ఉబ్బి నల్లబడినయి. అక్కడ ఏమీ చేయలేదు కదా!
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: నీరు పల్లమెరుగు. పొట్టలో కారిన నీరు, రక్తం చర్మం కిందుగా దిగి, వదులు చర్మమున్న చోట ఆగాయి. ఆడవాళ్లకూ జననాంగాల దగ్గర ఇలాగే ఉబ్బుతుంది. మెత్తగా ఆసరా ఇచ్చే డ్రాయర్‌ వేసుకోండి, పడుకున్నప్పుడు కింద మడిచిన తువ్వాలు పెట్టుకోండి. వారం పది రోజుల్లో పోతుంది. విపరీతమైన నొప్పి, మూత్రం రాకపోవడం, జ్వరం, చర్మం మీద బొబ్బలు – వీటిలో ఏదున్నా ఆ రోజే చూపించుకోవాలి.

ప్రశ్న: వయసు 22. ఛాతీ ఆడవాళ్ల తీరుగా ఉందని గైనకోమాస్టియా ఆపరేషన్‌ చేయించుకున్న. పన్నెండు రోజులైంది. కుడి పక్క బాగుంది, ఎడమ పక్క మళ్లీ ఉబ్బింది. వేలితో తడితే లోపల నీళ్లు కదిలినట్టుంది. జిమ్‌కు ఎప్పుడు పోవచ్చు?
– ఒక విద్యార్థి, మహబూబ్‌నగర్‌

జవాబు: జిమ్‌ మాట తర్వాత. ఒక పక్కే, తగ్గి మళ్లీ పెరిగింది, లోపల కదులుతోంది. మీరు రాసిన మూడు గుర్తులూ సెరోమావే. గ్రంథి, కొవ్వు తీసిన ఖాళీలో ఊట నీరు చేరి సంచి కట్టడం అన్నమాట. భయపడాల్సిన జబ్బు కాదు, వదిలేయాల్సినదీ కాదు. సర్జన్‌ సిరంజితో లేత పసుపు నీరు తీసి, ఆ చోట స్పాంజి పెట్టి గట్టిగా కట్టు కడతారు. ఒక్కసారితో ఆగకపోవచ్చు. మూడు నాలుగు రోజుల తేడాతో రెండు మూడుసార్లు తీయాల్సి రావొచ్చు. ప్రతిసారీ తక్కువ నీరు వస్తుంటే దారిలో పడ్డట్టే. నెలల తరబడి వదిలేస్తే సంచికి గోడ కట్టుకుంటుంది, అప్పుడు సూదితో పని కాదు. ఇంట్లో గుచ్చడం, ఊళ్లో ఎవరితోనో గుచ్చించడం మాత్రం వద్దు. శుభ్రమైన నీటిలోకి సూక్ష్మక్రిములను పంపినట్టవుతుంది.

ఇదే ఒకపక్క వాపు ఆపరేషన్‌ రోజు రాత్రో మర్నాడో, గంటల్లో, బిగుతైన నొప్పితో వచ్చి ఉంటే అది రక్తం చేరడం. దానికి పొద్దున్న దాకా ఆగకుండా అప్పుడే వెనక్కి వెళ్లాలి.

ఇంకో మాట ముందే చెప్పి ఉంచుతాం, ఎందుకంటే నెల తర్వాత ఇదే ఉత్తరం మళ్లీ వస్తుంది. మూడు నాలుగు వారాలకు చనుమొన కింద గోళీ లాంటి గట్టిదనం తగులుతుంది. గ్రంథి తిరిగి పెరిగిందని అనుకోవద్దు. లోపలి గాయం మానే మచ్చ అది, రెండు మూడు నెలల్లో మెత్తబడుతుంది. నడక ఇప్పటి నుంచే, కాళ్ల వ్యాయామాలు మూడు వారాలకు, బెంచ్‌ ప్రెస్‌, పుషప్‌లు ఆరు వారాలకు, అదీ సగం బరువుతో. గుంతల రోడ్డు మీద బైకు ఈ సెరోమా ఆరే దాకా బంద్‌.

ప్రశ్న: వాపు తగ్గుతలేదని మా ఊరి ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే రెండు సూదులేసి, సెలైన్‌ బాటిల్‌ పెట్టి, రోజూ పొద్దున వేసుకొమ్మని మూత్రం గోలీలిచ్చిండు. ఆ రోజు మంచిగనిపించింది. మళ్లీ పోవాలా?
– ఒక రైతు, అచ్చంపేట దగ్గర

జవాబు: వద్దు. ఆయన మంచికే చేసి ఉంటాడు, కానీ ఒక్కొక్కటీ విడదీసి చూడండి.

అర లీటరు మామూలు సెలైన్‌ సీసాలో నాలుగున్నర గ్రాముల ఉప్పుంటుంది. మనిషి రోజంతా తినదగిన ఉప్పు ఐదు గ్రాముల లోపే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వాపుతో వెళ్లి ఒక రోజు ఉప్పును నరం ద్వారా ఎక్కించుకున్నారన్నమాట. ఉప్పు ఎక్కడుంటే నీరు అక్కడ.

అలాంటి చోట వాపుకు వేసే సూదుల్లో తరచూ ఉండేవి డెక్సామెథసోన్‌, డైక్లోఫెనాక్‌. మొదటిది స్టెరాయిడ్‌. అందుకే ఆ రోజు మంచిగనిపిస్తుంది. అది జ్వరాన్ని, ఎర్రదనాన్ని దాచేస్తుంది, లోపల చీము పడుతున్నా తెలియనివ్వదు, షుగర్‌ పెంచుతుంది. రెండోది రక్తం గడ్డకట్టే గుణాన్ని కాస్త తగ్గిస్తుంది. ఆపరేషన్‌ కొత్తలో లోపల రక్తం ఊరడానికి అది చాలు. నొప్పికి పారాసిటమాల్‌ 650 చాలావరకు సరిపోతుంది, ఆరు గంటల తేడాతో. సర్జన్‌ రాసిచ్చిన మాత్రల్లో పారాసిటమాల్‌ కలిసి ఉందేమో చూసుకోండి, రెండు పేర్లతో ఒకే మందు మింగకుండా.

మూత్రం గోలీ అన్నిటికన్నా తప్పు. గుండె, కిడ్నీ జబ్బుల్లో ఒళ్లంతా చేరే నీటికి ఆ గోలీ పనికొస్తుంది. గాయం దగ్గర చేరిన నీరు దాని మాట వినదు. పోయేది రక్తంలోని నీరే. రక్తం చిక్కబడి కాలి సిరల్లో గడ్డకట్టే వీలు పెరుగుతుంది. ఇప్పుడే ఆపి, ఇచ్చిన సూదుల పేర్లు అడిగి రాసుకుని మీ సర్జన్‌కు ఫోన్‌లో చెప్పండి. మీకు బీపీ, గుండె జబ్బులకు ముందు నుంచీ అలాంటి గోలీ నడుస్తుంటే అది వేరు, దాన్ని సొంతంగా ఆపొద్దు.

ప్రశ్న: పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ, గుడ్డు, మాంసం వద్దని ఇంట్లో పథ్యం పెట్టిన్రు. చారన్నమే తింటున్న. డాక్టరేమో మూడు లీటర్ల నీళ్లు తాగమన్నడు. మాది ఫ్లోరైడ్‌ ఊరు. ఆ నీళ్లు అన్ని తాగాలా?
– మర్రిగూడ మండలం నుంచి ఒకరు

జవాబు: పప్పుకు, చీముకు సంబంధం లేదు. గాయం మానేది మాంసకృత్తులతోనే. అవి తక్కువైతే రక్తనాళాల్లో నీరు నిలవక వాపు ఇంకా ఆలస్యమవుతుంది. అరవై కిలోల మనిషికి రోజుకు కనీసం 60 గ్రాములు, వీలైతే 80 దాకా కావాలి. గుడ్డులో ఆరు, గ్లాసు పాలలో ఆరేడు, ఒక కప్పు గట్టి పప్పులో ఏడెనిమిది, వంద గ్రాముల ఉడికిన కోడిమాంసంలో పాతిక గ్రాముల పైన ఉంటుంది. చారన్నంలో ఎంతుంటుందో మీరే లెక్కేసుకోండి. జొన్నరొట్టె, పప్పు, పెరుగు, రెండు గుడ్లు ఉంటే సగం పని అయినట్టే. వంకాయ ఇష్టముంటే తినండి, దాని పాపం ఏమీ లేదు. మానాల్సింది పచ్చళ్లు, అప్పడాలు, సకినాలు, కారప్పూస. వాటి ఉప్పు వల్ల. నొప్పి మాత్రలతో మలబద్ధకం వస్తుంది, బొప్పాయి, ఆకుకూరలు ఉంచుకోండి. ముక్కితే పొట్ట నొప్పి మామూలుగా ఉండదు.

నీళ్ల గురించి మీ అనుమానం సరైనదే. ఫ్లోరైడ్‌ వల్ల ఆపరేషన్‌ వాపు పెరగదు కానీ, మూడు లీటర్ల బోరు నీళ్లు తాగడం ఏ లెక్కన చూసినా తప్పు. భగీరథ నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు, లేదా ఆర్‌ఓ నీళ్లు తాగండి. కాచితే ఫ్లోరైడ్‌ పోతుందనుకోవద్దు. నీరు ఆవిరై, మిగిలిన దాంట్లో అది ఇంకాస్త చిక్కబడుతుంది.

ప్రశ్న: తొడలకు చేయించుకొని పదహారు రోజులు. పాదాల దాకా వాపు దిగింది. తొడ మీద చెయ్యి పెడితే నాది కానట్టు మొద్దుగా ఉంది, అక్కడక్కడ గడ్డలు. అమ్మ రోజూ వేడి బట్టతో కాపుతున్నది. మగ్గం మీద ఎప్పుడు కూర్చోవచ్చు?
– చీరలు నేసే ఒక సోదరి, నారాయణపేట

జవాబు: ముందు ఆ కాపడం ఆపించండి. మొద్దుబారిన చర్మానికి వేడి తెలియదు. ‘సుర్రుమంది’ అని చెప్పాల్సిన నరాలు ఇంకా నిద్రలో ఉన్నాయి. వేడి బట్ట, హాట్‌ వాటర్‌ బ్యాగ్‌, ఇటుక – ఏదైనా సరే చర్మం కాలి బొబ్బ లేచేదాకా మీకు తెలియదు. ఐసు గడ్డ నేరుగా పెట్టినా అంతే. స్పర్శ రెండు మూడు నెలల్లో మెల్లగా వస్తుంది, కొందరికి ఆరు నెలలూ పట్టొచ్చు. వచ్చేటప్పుడు చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు, దురదగా ఉంటుంది. నరాలు మేలుకుంటున్నాయని అర్థం.

గడ్డలు మూడు నుంచి ఆరు వారాల మధ్య బాగా తెలుస్తాయి. నలిగిన కొవ్వు, మానే మచ్చ కలిసి గట్టిపడతాయి. రెండో వారం దాటింది కాబట్టి సర్జన్‌ సరే అంటే రోజుకు రెండుసార్లు పది నిమిషాలు అరచేత్తో మోకాలి నుంచి గజ్జ వైపు పైకి నిమరండి. చపాతీ పిండి పిసికినట్టు కాదు. పసిబిడ్డ ఒంటికి నూనె రాసినంత బరువు చాలు, ఎందుకంటే లింఫు నాళాలు చర్మానికి ఆనుకునే ఉంటాయి, గట్టిగా నొక్కితే మూసుకుపోతాయి.

పాదాల వాపు రెండు కాళ్లకూ ఒకే తీరుగా ఉంటే పైనుంచి దిగిన నీరే. పడుకున్నప్పుడు కాళ్లు గుండె కన్నా ఎత్తులో, రెండు దిండ్ల మీద పెట్టండి. ఒక్క పిక్కే ఉబ్బి, నొక్కితే నొప్పిగా, వెచ్చగా ఉంటే మాత్రం సిరలో గడ్డ అని అనుమానించి అదే రోజు డాప్లర్‌ స్కాన్‌ తీయించాలి. అప్పుడు నిమరడం కూడా వద్దు, గడ్డ కదిలే ప్రమాదం.

గుంట మగ్గానికి రెండు ఇబ్బందులు. కాళ్లు గోతిలోకి వేలాడతాయి, గుంట అంచు సరిగ్గా తొడ వెనక ఒత్తుతుంది. నాలుగో వారంలో మొదలుపెట్టండి, అంచు మీద మందపాటి స్పాంజి వేసుకుని. అరగంట నేసి లేచి, ఐదు నిమిషాలు నడిచి మళ్లీ కూర్చోండి. పాదాలతో మగ్గం తొక్కడం పిక్కలకు మంచిదే, చెడ్డది కదలకుండా కూర్చోవడం. సాయంత్రానికి వాపు పెరిగి, పొద్దునకు తగ్గుతుంటే కొనసాగించండి. పొద్దునకు కూడా తగ్గకపోతే గంటలు తగ్గించుకోండి.

ప్రశ్న: రేపు నెలలో ఆపరేషన్‌. మా ఊరి నుంచి హైదరాబాద్‌ రెండు గంటల దారి. ఇంటికొచ్చాక రాత్రిపూట ఏమన్నా అయితే ఎటు పోవాలి?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: ఆపరేషన్‌కు ముందే ఈ ప్రశ్న అడిగింది మీరొక్కరే.

మొదటి రాత్రి చెవుల్లో గుయ్యిమనడం, పెదవుల చుట్టూ తిమ్మిరి, నోట్లో లోహపు రుచి, కండరాలు అదరడం లిగ్నోకైన్‌ ఎక్కువైన గుర్తులు. ఎక్కించిన పన్నెండు గంటల చుట్టుపక్కల అది రక్తంలో పైస్థాయికి చేరుతుంది కాబట్టి, ఆ రాత్రి ఆస్పత్రిలో ఉండడమే మేలు. మొదటి మూడు రోజుల్లో ఆయాసం, తికమక మాటలు, ఛాతీ మీద, చంకల్లో సన్నని ఎర్ర చుక్కలు కనిపిస్తే కొవ్వు రేణువులు ఊపిరితిత్తుల్లో చేరి ఉండొచ్చు. తర్వాతి వారాల్లో ఒక్కసారిగా ఊపిరాడకపోవడం, ఛాతీలో పొడిచినట్టు నొప్పి రక్తపు గడ్డకు గుర్తులు. తగ్గని కడుపునొప్పి, వాంతులు, పొట్ట రాయిలా బిగియడం పేగుకు దెబ్బ తగిలిందేమో అని అనుమానించాల్సినవి. 101 దాటిన జ్వరం, గంటగంటకూ పాకే ఎర్రదనం, కనిపించే గాయానికి మించిన నొప్పి ఇన్ఫెక్షన్‌వి.

వీటిలో దేనికీ హైదరాబాద్‌ దారి పట్టకండి. ఆయాసం వచ్చిన మనిషిని రెండు గంటలు కారు వెనక సీట్లో పడుకోబెట్టడం కన్నా 108 పిలిచి నల్లగొండ ప్రభుత్వ జనరల్‌ ఆస్పత్రి క్యాజువాలిటీకి వెళ్లడం నయం. అక్కడ ఆక్సిజన్‌ ఉంటుంది. సర్జన్‌తో దారిలోనే ఫోన్‌ కలపండి.

డిశ్చార్జి కాగితం మీద నాలుగు అంకెలు ఉన్నాయో లేదో ఆస్పత్రి వదలకముందే చూసుకోండి: ఎన్ని లీటర్లు ఎక్కించారు, ఎన్ని లీటర్లు తీశారు, లిగ్నోకైన్‌ మొత్తం ఎన్ని మిల్లీగ్రాములు, ఆఖరి హిమోగ్లోబిన్‌ ఎంత. లేకపోతే అడిగి రాయించుకోండి. ఫోన్‌లో ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరికి పంపండి. వచ్చేటప్పుడు దారిలో గంటకోసారి కారు ఆపి ఐదు నిమిషాలు నడవాలి. సీటు మీద పాత దుప్పటి, దాని కింద ప్లాస్టిక్‌ పట్ట వేసుకోండి. ఆ రోజు కారే నీళ్లకు సీటు తడవక తప్పదు.